ఇసుకలో దాచుకున్న ఏరు

పెన్నను చూసి జాలిపడటం మా అనంతపురం సీమలో అందరికీ అలవాటే. బస్సు వంతెన ఎక్కగానే కిటికీ పక్కనున్నవాళ్లు కిందికి తొంగిచూసి, "యాముంది, ఇసుకే" అని మళ్లీ కళ్లు మూసుకుంటారు. నందికొండల దగ్గర పుట్టి, హిందూపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి అడుగుపెట్టి, పేరూరు, పెన్నహోబిలం, తాడిపత్రి మీదుగా కడప, నెల్లూరు దాటి సముద్రం చేరే 597 కిలోమీటర్ల నది ఇది. మా దగ్గర మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి కనిపిస్తుంది. చిత్రావతి, వేదవతి, జయమంగళి కూడా అంతే. సాలీనా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల. ఆ వానైనా కొన్ని రోజుల్లోనే కురిసి వెళ్లిపోతుంది. విద్వాన్ విశ్వం ఈ ఎండిన ఏటి ఒడ్డు బతుకుల మీదే 'పెన్నేటి పాట' రాశారు. ఆ దుఃఖం నిజమైనది, నాదీ అదే దుఃఖం. కానీ అందులోంచి ఒక ప్రమాదకరమైన మాట పుట్టింది: పెన్న చచ్చిపోయిందని. చచ్చిందనుకున్నదాన్ని ఎవరూ కాపాడరు. ఇసుక ఎత్తుకుపోయినా, చెత్త తెచ్చి పోసినా, గట్టు దున్నుకున్నా అడిగేవాళ్లుండరు. పెన్న చావలేదు. దాని ప్రాణం ఇసుక కింద, మడుగుల అడుగున, గట్టు బొరియల్లో కాచుకుని ఉంది.

ఎండిపోయే ఏరు అంటే ఏదో లోపమున్న ఏరని మనకొక భావన. ఏడాది పొడవునా పారే గంగా గోదావరులే అసలైన నదులని బడిలో నేర్చుకున్నాం. 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రపంచంలోని నదులు, వాగులు, వంకలన్నిటినీ లెక్కగట్టింది. వాటి మొత్తం పొడవులో సగానికి పైగా ఏడాదికి ఒక్కరోజైనా ప్రవాహం ఆగిపోయేవే అని తేల్చింది. అంటే నేల మీద ఎక్కువ భాగం ఏళ్లు మా పెన్న దారిలోనే ఉన్నాయి. తడికీ ఎండకీ మధ్య బతకడం నేర్చిన ప్రాణులు ఆ ఏళ్లన్నిటిలోనూ ఉన్నాయి. వాటి బతుకు తెలిస్తే తప్ప ఇలాంటి నది అర్థం కాదు.

మొదటి పెద్దవాన పడ్డాక ఏటి ఒడ్డు గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. ఎర్రగా, మడ్డిగా ఉన్న ఆ నీళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే కదలిక మొదలవుతుంది. గాజు ముక్కంత పారదర్శకంగా, వెల్లకిలా ఈదే ఒక చిన్న రొయ్యజాతి ప్రాణి కనిపిస్తుంది. కాళ్లు పైకి పెట్టి, వాటినే ఆడిస్తూ, నీటిలోని పచ్చని నలుసులను వడకట్టి తింటుంది. దాని పక్కనే వీపు మీద డాలున్న, మూడు కళ్లున్న ఇంకొక జాతి బురదను కెలుకుతుంటుంది. డైనోసార్ల కాలం నుంచి పెద్దగా రూపు మారకుండా వస్తున్న వంశం అది. వాటి ఆయుష్షు కొన్ని వారాలే. గుంట ఎండేలోపు పుట్టాలి, పెరగాలి, గుడ్లు పెట్టాలి. ఆ గుడ్లు బురదలో కలిసి, బురద పెచ్చులై, పెచ్చులు దుమ్మై, ఏళ్ల తరబడి ఎండకు మాడినా చెడవు. ఎన్నో జాతుల్లో గుడ్డు ఒకసారి బాగా ఎండితేనే మళ్లీ తడి తగిలినప్పుడు పొదుగుతుంది. నీటి ఈగలనే సన్నటి ప్రాణులు కూడా కష్టకాలం వచ్చే ముందు గట్టి పెంకున్న గుడ్లు వదులుతాయి. చెరువు అడుగు మట్టిలో దశాబ్దాల పాటు పడి ఉన్న అలాంటి గుడ్లను ప్రయోగశాలల్లో పొదిగించారు కూడా.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. తడి తగలగానే ఆ గుడ్లన్నీ ఒకేసారి పొదగవు. కొన్ని పొదుగుతాయి, మిగతావి తర్వాతి వానకో, ఆ తర్వాతి ఏటి వానకో ఆగుతాయి. మొదటి వాన మోసం చేస్తే పొదిగినవి ఎండిపోతాయి, ఆగినవి వంశాన్ని నిలబెడతాయి. జూన్ మొదటి పదునుకు ఇంట్లో ఉన్న విత్తన కాయలన్నీ చేలో పోసేయకుండా, రెండో పదునుకని కొంత దాచిపెట్టే మా చెనక్కాయ రైతు బుద్ధి అదే. ఈ నేల మీద ఎవరు బతకాలన్నా వానను పూర్తిగా నమ్మకూడదు, పూర్తిగా వదులుకోనూ కూడదు. మనిషి ఇక్కడ సేద్యం మొదలుపెట్టడానికి ఎన్నో యుగాల ముందే ఆ రొయ్యపిల్ల ఈ పాఠం నేర్చుకుంది.

చెలమ తోడుతున్న ఒక అవ్వను అడిగాను. "అవ్వా, నీళ్లు లేనప్పుడు ఈ చేపలు, నత్తలు యాడికి పోతాయి?" ఆమె చెంబుతో ఇసుక పక్కకు తీస్తూనే చెప్పింది. "యాడికి పోతాయి నాయనా? కొన్ని మడుగులో ఉంటాయి, కొన్ని బురదలో పండుకుంటాయి. ఏరొస్తే అవే లేస్తాయి." జంతుశాస్త్రం పుస్తకాలు చాలా పేజీల్లో చెప్పేది ఆమె రెండు మాటల్లో చెప్పేసింది. నత్తగుల్ల అదే చేస్తుంది. దానికి నీటిలో పీల్చడానికి మొప్ప, గాలి పీల్చడానికి ఊపిరితిత్తి రెండూ ఉన్నాయి. నీళ్లు తగ్గుతుంటే బురదలోకి దిగి, మూతి దగ్గరి మూత బిగించుకుని, తడి తిరిగి వచ్చేదాకా నెలల తరబడి అలాగే ఉంటుంది. కొర్రమీను గాలి మింగి బతకగలదు. చర్మం తడిగా ఉన్నంతకాలం అడుగు బురదలో దాక్కుని ఎండాకాలం గడుపుతుంది. ఎండ్రకాయ తడి తగిలేదాకా గట్టులో బొరియ తవ్వుకుంటూ పోతుంది. నేలలో నీటిమట్టం ఎంత లోతుకు పోతే దాని బొరియ అంత లోతు. ఒక్కొక్కటీ ఒక్కో దారి కనిపెట్టుకుంది, కానీ అన్నిటికీ కావలసింది ఒకటే: ఇసుక కింద, బురద కింద కాస్త తడి మిగలడం.

ఇవన్నీ బతికితే మనకేమిటి అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న తప్పు కాదు. కరువు సీమలో ప్రతి నీటిచుక్కకూ జవాబు చెప్పాల్సిందే. కాబట్టి ఇవి చేసే పని చూద్దాం.

ఏరు ఎండి ఉన్నన్నాళ్లూ గట్టు మీది కానుగ ఆకు, తుమ్మ పూత, పశువుల పేడ, ఎండిన జమ్ము అన్నీ ఏటి గర్భంలోనే రాలి పోగవుతాయి. నీళ్లు రాగానే అవి నాని కుళ్లడం మొదలవుతుంది. ఎవరూ తినకపోతే ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువునంతా లాగేస్తుంది, నీళ్లు కంపు కొడతాయి. మొదట బాక్టీరియా, బూజు ఆకుల మీద చేరి వాటిని మెత్తబరుస్తాయి. ఎండ్రకాయలు, పురుగుల పిల్లలు ఆకులను ముక్కలు చేస్తాయి. నలుసులైన ముక్కలను ఇసుకలోని సన్నటి పురుగులు తింటాయి. నీటిలో తేలేవాటిని ఆల్చిప్పలు వడకడతాయి. రాళ్ల మీద పట్టే పాచిని నత్తలు గీరి తింటాయి. ఒక్కో పెద్ద ఆల్చిప్ప రోజుకు లీటర్ల కొద్దీ నీటిని తన శరీరంలోంచి పంపి తేటపరుస్తుంది. నదిని ఈ కళ్లతో చూడటంలో శాస్త్రం 1980లో ఒక పెద్ద మలుపు తిరిగింది. రాబిన్ వానొట్, ఆయన తోటివాళ్లు పై నుంచి కిందిదాకా నదిలో ఎక్కడ ఎవరు ఏం తింటున్నారో చూసి, చీల్చేవి, గీరేవి, ఏరుకునేవి, వేటాడేవి అని ప్రాణులను పనిని బట్టి విభజించి చెప్పారు. అప్పటిదాకా చాలామందికి నది అంటే నీరు, వాలు, ఒండ్రు. ఆ తర్వాత ఏటి పురుగులకు కూడా నది చరిత్రలో చోటు దొరికింది.

ఏటి ప్రాణులు చేసే ఆ పనికి మాకు దగ్గరి సాక్ష్యం చెలమ నీళ్లే. పశువులు దాటిన, ఆకులు కుళ్లిన ఏటిలో నాలుగడుగులు ఇసుక తవ్వితే తేట నీళ్లు ఊరతాయి. ఇసుక వడకట్టడం వల్ల సగం. మిగతా సగం ఇసుక రేణువుల మీద పట్టి ఉండే జీవపు పొర వల్ల. ఆ పొర పేరుకుని సందులు మూసుకుపోకుండా వాటి మధ్య తిరిగే సూక్ష్మమైన పురుగులు దాన్ని మేస్తుంటాయి. లండన్‌లో 1829లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు చెల్సీ జలసంస్థ కోసం కట్టిన ఇసుక వడపోత తొట్లు పనిచేసింది ఈ జీవపు పొర వల్లనే, ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియకపోయినా. మా ఊళ్లకు తాగునీరు తెచ్చిన పథకాల్లో పెన్న, వేదవతి, చిత్రావతి ఇసుకలో తవ్విన ఊటబావులూ ఉన్నాయి. అంటే మేము తాగింది ఏటి నీళ్లే, కానీ కంటికి కనిపించని కోట్ల ప్రాణులు ముందుగా వడకట్టి ఇచ్చిన నీళ్లు.

చేపలకు ఇందులో ఇంకా చిత్రమైన పాత్ర ఉంది. ఆల్చిప్ప తానుగా ఎదురీదలేదు, అడుగున పాకుతుందంతే. మరి ఏటి పైభాగానికి దాని సంతానం ఎలా చేరుతుంది? ఆల్చిప్ప వదిలే పిల్లలు రెండు చిన్న చిప్పలతో చేప మొప్పలనో, రెక్కలనో కరుచుకుంటాయి. కొన్ని రోజులో వారాలో దాని మీదే ప్రయాణం చేసి, పెరిగి, చేప ఎదురీది వెళ్లిన చోట అడుగుకు రాలిపడతాయి. చేప లేనిచోట ఆల్చిప్ప పుట్టినా పెరగదు. అడ్డుకట్ట వల్ల చేప పైకి పోలేకపోతే ఆ పై భాగంలో ముసలి ఆల్చిప్పలు మాత్రం మిగిలి, వాటితోనే ఆ జాతి ఆ చోట ముగుస్తుంది. పరిగె పిల్ల ఎదురీదడం ఆగిపోతే ఏటి నీళ్లు మడ్డిబారడం వరకు ఆ నష్టం వెళ్తుందని తెలిస్తే, చెక్‌డ్యామ్ కట్టే ఇంజనీరు చేపకు ఒక చిన్న దారి వదలడానికి వెనకాడడనే నా నమ్మకం.

చేపలు తినడంతోనే నది రూపాన్ని మార్చగలవని కాలిఫోర్నియాలోని ఈల్ నదిలో మేరీ పవర్ చేసి, 1990లో ప్రచురించిన ప్రయోగం చూపించింది. ఏటిలో వలల గూళ్లు కట్టి కొన్నిట్లో పెద్ద చేపలను ఉంచారు, కొన్నిట్లోకి రానివ్వలేదు. చేపలున్న చోట పాచి తగ్గిపోయింది. లేనిచోట ఒత్తుగా పెరిగింది. చేపలు పాచిని తిన్నందువల్ల కాదు. అవి తూనీగ జాతుల పిల్లలను, చిరుచేపలను తిన్నాయి. వాటి బెడద తగ్గేసరికి పాచిని తినే సన్నటి పురుగులు పెరిగాయి. ఎవరు ఎవరిని తింటారన్న గొలుసులో ఒక కొసన కదిలితే ఇంకొక కొసన నీటి రంగు మారుతుంది. అందుకే చేపలను కిలోల్లో తూచి లాభనష్టాలు చూసే మన లెక్క సరిపోదు. ఎండాకాలంలో మిగిలిన ఒక్క మడుగును మందు కొట్టో, కరెంటు పెట్టో ఖాళీ చేస్తే పోయేది ఆ రోజు దొరికిన చేపలే కావు. వచ్చే వానకు ఏటి పొడవునా పాకవలసిన విత్తనం అంతా ఒక్క పూటలో పోతుంది.

ఎండ్రకాయ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మన పొలం ఎండ్రకాయ మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. సముద్రపు పీతలు లక్షల పిల్లలను నీటిలోకి వదిలేస్తాయి. మంచినీటి ఎండ్రకాయ అలా చేస్తే ప్రవాహం అన్నిటినీ కొట్టుకుపోతుంది. అందుకే అది కొద్ది గుడ్లు పెట్టి, పొదిగాక పిల్లలను కూడా కొన్నాళ్లు కడుపు కింది మడతలో మోసుకు తిరుగుతుంది. కొర్రమీను జంట నారింజ రంగు పిల్లల గుంపు చుట్టూ కాపలా తిరుగుతుంది. వానకాలంలో కడుపు కింద పిల్లలున్న ఎండ్రకాయను, పిల్లల గుంపు చుట్టూ తిరుగుతున్న కొర్రమీనును వదిలేయాలన్న మర్యాద మన వేటలో ఉండాలని నేను కోరుకుంటాను.

ఈ ఏటి జీవం ఏటిలోనే ఆగదు. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఊళ్లో సైబీరియా కొంగలంటారు గాని అవి మన దేశపు పక్షులే. ఊరివాళ్లు వాటిని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినంత ప్రేమగా చూసుకుంటారు, వేటాడనివ్వరు. ఎంత ప్రేమ ఉన్నా, చుట్టుపక్కల చెరువుల్లో, కుంటల్లో చేప లేని ఏడు ఆ కొంగలు పిల్లలను పెంచలేవు. ముక్కు నడుమ సందున్న ఇంకొక కొంగజాతి నత్తగుల్లలను తిని బతకడానికే ఆ ముక్కును తీర్చుకుంది. వానల వెంట గుంపులుగా వచ్చి సాయంత్రం చేల మీద తిరిగే పసుపుపచ్చ తూనీగలూ మన గుంటల్లో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు నీటిలో దోమల పిల్లలను తింటూ ఆరేడు వారాల్లో రెక్కలు తొడుక్కుంటాయి. ఈ తూనీగలు ఋతుపవనపు గాలులెక్కి భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికా దాకా వెళ్తాయని మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ 2009లో ఆధారాలతో ప్రతిపాదించారు. మా కరువు నేల మీద నిలిచే వానగుంట హిందూ మహాసముద్రం దాటే ప్రాణికి పుట్టినిల్లు కాగలదు.

ఏటిలో ఎవరు బతుకుతున్నారో చూసి నీరు ఎలా ఉందో చెప్పవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల నాణ్యతను కొలిచే పద్ధతుల్లో అడుగున ఉండే వెన్నెముక లేని ప్రాణులను గుర్తించి మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. మురుగులో కూడా బతికే ఎర్రటి పురుగులు, సన్నటి వానపాములు మాత్రమే ఉంటే తక్కువ మార్కు. శుభ్రమైన నీరు కావలసిన పురుగులుంటే ఎక్కువ. అనంతపురం నగరం మధ్యగా పారే నడిమివంకలోకి ఎవరైనా తొంగిచూస్తే పరికరాలు లేకుండానే ఫలితం తెలుస్తుంది. 2022 అక్టోబరులో అది పొంగి కాలనీలు మునిగినప్పుడు అందరం వంక గురించి మాట్లాడాం. నీళ్లు తీశాక మరిచిపోయాం. దోమలు పెరిగినప్పుడు మాత్రం చేపలు గుర్తొస్తాయి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం దోమల నివారణకు కోటి గంబూసియా చేపలను నీళ్లలో వదిలింది. అమెరికా నుంచి వచ్చిన ఈ చేప ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద పరాయి జాతుల జాబితాలో ఉంది. దోమ పిల్లలతో పాటు నీటి ఈగలను, చేపగుడ్లను, తోకకప్పలను తింటుంది. మూసిన తొట్టెలో వదలడం వేరు, వంకలో వదలడం వేరు. వంకలో దోమను అదుపుచేయడానికి తూనీగ పిల్ల, పరిగె, కప్ప ముందు నుంచే ఉన్నాయి, మురుగు ఆపితే అవి తిరిగి వస్తాయి.

ఈ రోజుల్లో మా సీమకు నీళ్లు కూడా వేరే నదుల నుంచి వస్తున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ మధ్య పెన్నార్ జలాశయానికి, హంద్రీ–నీవా కాలువ శ్రీశైలం నుంచి కృష్ణ నీటిని జీడిపల్లికి తెస్తున్నాయి. ఆ నీళ్ల విలువ దాహం తెలిసినవాళ్లకే తెలుసు, వాటికి నేను చేతులెత్తి దండం పెడతాను. అయితే కాలువ నీటితో పాటు మరో నది ప్రాణులూ వస్తాయి. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు లేని చెరువు దాదాపు లేదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బొచ్చె జాతి చేపలకు ప్రేరణ ఇచ్చి గుడ్లు పెట్టించినప్పటి నుంచి, పారే వరదలో మాత్రమే గుడ్లు పెట్టే చేపల పిల్లలను తొట్లలో పెంచి జలాశయాల్లో వదలడం వీలైంది. అది ఎందరికో కూడుపెట్టింది. కానీ జలాశయంలో పోసిన పిల్లలు ఏటిలోని పరిగె, మట్టగిడస, జెల్ల, బొమ్మిడాయిల చోటును నింపలేవు. నీళ్లను తేగలం. ఆ నీటిని ఏరుగా మార్చే పనివాళ్లను కాలువలో తేలేం, వాళ్లు ఇక్కడే మిగిలి ఉండాలి.

అందుకే ఇసుక గురించి నాకింత ఆరాటం. ఇసుక తవ్వితే నీటిమట్టం పడిపోతుందని, బోర్లు ఎండుతాయని అందరికీ తెలుసు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం అందుకే. తవ్వకంలో తడి పొర కూడా పోతుందన్నది తక్కువమందికి తెలుసు. ఆ పొరలోనే నత్తలు మూత బిగించుకుని ఉన్నాయి, ఎండిన గుడ్లున్నాయి, ఇసుకను మేసే పురుగులున్నాయి. లారీలో ఎత్తిన ప్రతి టన్ను ఇసుకతో పాటు వచ్చే ఏళ్ల నది కొంత ఊరు దాటిపోతోంది. ఇసుక విధానాలు మారుతూనే ఉన్నాయి. 2024 జులై నుంచి ఉచిత ఇసుక అన్నారు. ధర ఎంతైనా, ఎవరు తవ్వినా, ఏటికి అయ్యే నష్టం ఒకటే. 2021 నవంబరులో పెన్న, చిత్రావతి పొంగినప్పుడు, 2022లో కర్ణాటకలోని వాణీవిలాస సాగరం 1933 తర్వాత మొదటిసారి నిండి పొర్లి వేదవతి మా వైపు ఉరకలేసినప్పుడు ఏళ్ల ఎదురుచూపు తర్వాత నీళ్లొచ్చాయి. నీళ్లొచ్చిన చోట వాటిని అందుకునే ప్రాణులు మిగిలి ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

ఇందుకు కావలసింది పెద్ద పథకం కాదు. ప్రతి ఏటి ఒడ్డు పంచాయతీ తన పరిధిలో ఒక మడుగును, దాని పైనా కిందా కొంత ఇసుకను ఎవరూ తవ్వకూడని చోటుగా గుర్తించాలి. ఎండాకాలం చివర్లో మిగిలిన మడుగుల్లో వేట మానాలి. చెక్‌డ్యాముల్లో చేప ఎక్కే వాలు ఉంచాలి. జూన్ నుంచి డిసెంబరు దాకా ఏటికి దగ్గరున్న హైస్కూలు పిల్లలు, ఊళ్లోని పెద్దవాళ్లను వెంటపెట్టుకుని, రాళ్లు తిప్పి, బురద కడిగి, నత్తలను, పురుగులను, చేపలను వాళ్ల ఊరి పేర్లతోనే గుర్తించి రాయాలి. ఇసుక లెక్క టన్నుల్లో రాసుకునే మా ఊళ్లు ఏటిలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో కూడా ఏటేటా రాసుకోవడం మొదలుపెడితే, ఏ ఏడు ఏ జాతి కనిపించకుండా పోయిందో ఆ ఏడే తెలుస్తుంది, తిరిగి తెచ్చుకునే వ్యవధి ఉండగానే.